డో ఖిన్ ఇంట్లో మా కంచం

మా పెళ్ళిచూపులు సెల్‌ఫోను టార్చి వెలుగులో జరిగాయి. ఆ సాయంత్రం రంగూన్ శివార్లలో మా పుట్టిల్లు ఉన్న ఇన్సేన్‌లో కరెంటు లేదు. మా నాన్న టార్చి పెళ్ళికొడుకు ముఖం మీద పెట్టి, "ఏటి పని సేత్తావు బాబూ?" అని అడుగుతుంటే దొంగను నిలబెట్టి విచారిస్తున్నట్టు ఉంది. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. మిగతా మాటలన్నీ పెద్దవాళ్ళే మాట్లాడుకున్నారు.

ఆయన పేరు బుల్లియ్య. ముత్తాత పేరట. ఆ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో మూటలు మోశాడు. మా ఆయన సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. జువాలజీలో డిగ్రీ చేసినదాన్ని, నాకు బుల్లియ్య అనే మొగుడేమిటా అని మొదట్లో నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఇప్పుడైతే ఎవరూ లేనప్పుడు ఆ పేరు పెట్టి పిలవడానికే పనేమీ లేకుండా వంటింట్లోంచి బైటికి వస్తాను.

సైన్యం గద్దెనెక్కి జనం తిరుగుబాటు మొదలుపెట్టిన మరుసటి ఏడాది, వానలు పట్టాక, పజుండౌంగ్‌లో ఈ సందుకి కాపురానికి వచ్చాను. చీకటి పడ్డాక బైటికి వెళ్ళకూడదు. బ్యాంకులో మన డబ్బు మనం తెచ్చుకోవాలన్నా తెల్లవారకముందే వరసలో నిలబడాలి. ఫేస్‌బుక్ చూడాలన్నా ఫోనులో దొంగదారి పెట్టుకోవాలి. అయినా నాకు ఈ సందు నచ్చింది. ఎందుకంటే సాయంత్రం కరెంటు రాగానే ఇక్కడ ప్రతి ఇంట్లోంచీ ఒకేసారి "మీ లా బీ!" అని అరుస్తారు. కరెంటు వచ్చింది అని అర్థం, అంతే. కానీ ఎవరికో బిడ్డ పుట్టినంత సంబరంగా అరుస్తారు. అందరికంటే గట్టిగా నేను అరిచేదాన్ని. మా ఆయన చెవులు మూసుకునేవాడు.

ఇంట్లో మా అత్త వెంకమ్మ, మేమిద్దరం, నా మరిది సూరి. సూరి ఆరడుగుల రెండంగుళాలు. అటక మీద డబ్బా దించాలంటే స్టూలు అక్కర్లేదు, "సూరీ" అంటే చాలు. ఏ గుమ్మమైనా తల వంచే దాటతాడు. అలవాటైపోయి, ఎత్తుగా ఉన్న గుమ్మం దగ్గర కూడా వంగుతాడు. నేను దానికీ నవ్వేదాన్ని.

ఇంజనీరింగు కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో ఆడేవాడు. బర్మా వాళ్ళు అతన్ని తూరియ అంటారు. అదీ సూర్యుడి పేరే. నేను రాకముందు, కాలేజీలు నడిచే రోజుల్లో, మ్యాచి ఉందంటే సందు సందంతా ట్రక్కులాంటి ఒక లైన్‌కారు మాట్లాడుకుని, వెనక నిలబడి, జెండాలు పట్టుకుని వెళ్ళేవారట. మూలమీద టైలరు యర్రయ్య మావ తన బనీన్లన్నిటి మీదా సూరి నంబరు తొమ్మిది కుట్టుకున్నాడు. ఆ బనీన్లు ఇంకా దండెం మీద ఆరుతూ కనిపిస్తాయి, అన్నీ తొమ్మిదులే.

ఆ టీము కెప్టెన్ తీహా. మాకు ఎదురింటి కుర్రాడు. వాళ్ళమ్మ డో ఖిన్ పొద్దుటిపూట సందు మొదట్లో మొహింగా అమ్ముతుంది. చేపల పులుసులో సేమ్యాలు వేసి ఆవిడ ఇచ్చే ఆ గిన్నె కోసం నేను రోజూ కాస్త ముందుగా నిద్రలేచేదాన్ని. తిరుగుబాటు మొదలైన ఏడాదే, మార్చిలో, సైనికులు తీహాని పట్టుకుపోయారు. ఇన్సేన్ జైల్లో ఉన్నాడు. మా పుట్టిల్లు ఆ గోడకి దగ్గరే కాబట్టి పార్సిల్ ఇచ్చే రోజున డో ఖిన్ మా అమ్మ దగ్గర కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వస్తుంది. అందుకని ఆవిడకి నేనంటే ఇష్టం. నా గిన్నెలో వేపుడు పకోడీ ఒకటి ఎక్కువ పడేది.

తీహా బైటికి వచ్చేదాకా ఎవరమూ మ్యాచికి కోర్టులో దిగం అని టీము అంతా అనుకున్నారు. ఆ మాట అభిమానుల ఫేస్‌బుక్ పేజీలో ఇప్పటికీ అన్నిటికంటే పైన ఉంది. కాలేజీ మళ్ళీ తెరిచినా వీళ్ళు వెళ్ళలేదు. సూరి సైకిలు మీద ఇళ్ళకి సామాన్లు చేరవేసే పనిలో కుదిరాడు. పెడల్ తొక్కుతుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి.

అప్పుడు ఫోను వచ్చింది. ఏదో కంపెనీ కొత్తగా క్లబ్బు పెడుతోంది, జీతమిచ్చి ఆడిస్తారట, ట్రయల్స్‌కి రమ్మన్నారు.

"సూడ్డానికే వదినా," అన్నాడు సూరి. "సంతకం ఎట్టను. రెండేళ్ళయింది, నాతో సమానంగా ఆడేవోళ్ళతో ఆడి. నాకింకా వచ్చో రాదో అదొక్కటే సూసుకుని వచ్చెత్తాను."

"ఎల్లి సూసొత్తే తప్పేటి?" అన్నాడు మా ఆయన. "నచ్చకపోతే మానెయ్యి. ఇరవైరెండొచ్చాయి. ఇంకో రెండేళ్ళు పోతే నిన్నెవుడు పిలుత్తాడు?"

"తీహా ఏటంటాడో," అన్నాడు సూరి.

నేను ఆ శనివారం పొద్దున్నే లేచి గుడ్లు ఉడకబెట్టి, అన్నం మూటకట్టి, బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టాను. సూరి తల వంచి గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. అంత నవ్వు అతని ముఖంలో నేను అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నం ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాను. "సెలెక్టయ్యాను వదినా! రేపు సాయంకాలం లోపల ఏదో ఒక మాట సెప్పమన్నారు. నానింకా..."

తర్వాతది మా అత్త వినలేదు. "సెలెక్టు" దగ్గరే లేచి చింతపండు నానేసింది.

ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముత్తాతకి రేవులో పని దొరికిన రోజు నుంచీ ఉందట. ఇంట్లో ఎవరికి మొదటి ఉద్యోగం వచ్చినా, ఆ రోజు పొద్దు వాలకముందే సందులో ప్రతి ఇంటికీ పులిహోర వెళ్ళాలి. స్టీలు కంచాల్లో వెళ్ళాలి. ప్రతి కంచం అంచు మీదా చుక్కలతో 'వెం' అని చెక్కి ఉంటుంది.

"అత్తా, సూరి ఇంకా ఒప్పుకోలేదు," అన్నాను.

"జీతమిత్తామంటే ఒప్పుకోకపోడమేటే? మా మావగారి నాయన మూట ఎత్తినాకనే జీతమెంతని అడిగారట. నువ్వు ఆవాలు తియ్యి."

నిజం చెప్పాలంటే నాకూ ఉత్సాహంగానే ఉంది. కొత్త కోడలిగా కంచం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళడం నాకదే మొదలు. వాన వెలిసి సందంతా మెరుస్తోంది. మోచేతుల దాకా పోపు వాసన. ప్రతి గుమ్మంలోనూ "తూరియకి ఉద్యోగం వచ్చింది" అని చెప్పడం, వాళ్ళు నా బుగ్గల మీద తనకా చెక్క గంధం పూత చూసి బర్మా పిల్లలా ఉన్నావనడం, నేను సిగ్గుపడడం.

యర్రయ్య మావ మిషను ఆపి కంచం అందుకున్నాడు. "నా మిషను కుట్టిన నంబరు మహిమే పిల్లా అది! ఆడికి బొడ్డుకొయ్యడం ఒక్కటే నాను సెయ్యలేదు, మిగిలిందంతా నానే. ఏ ఊరు క్లబ్బు? థాయ్‌లాండేనా?"

"కాదు మావా, ఇక్కడే. ఎవరో కంపెనీవాళ్ళది."

నోటి దాకా వెళ్ళిన ముద్ద కాసేపు అక్కడే ఆగింది. తర్వాత తిన్నాడు. "ఉప్పు సరిపోయింది," అన్నాడు.

డో ఖిన్ ఇంట్లో లేదు. పార్సిల్ రోజు కదా, ఇన్సేన్ వెళ్ళింది. పక్కింటి అమ్మాయి తాళం తీస్తే లోపల బల్ల మీద కంచం పెట్టి, ఆకు కప్పి వచ్చాను.

సాయంత్రం ఫొటో వచ్చింది. కంపెనీవాళ్ళే పెడితే, అభిమానుల పేజీలోకీ వచ్చేసింది. వెనక పెద్ద బ్యానరు, ముందు వరసగా కుర్రాళ్ళు, మధ్యలో సైన్యం యూనిఫాంలో ఒక పెద్దమనిషి. ఆయన ఇస్తుంటే సూరి జెర్సీ అందుకుంటున్నాడు. రెండు చేతులూ చాపి, తల వంచి.

మిగతా కుర్రాళ్ళు ఒక చేత్తో అందుకున్నారట, అటు చూస్తూ, ఇటు చూస్తూ. ఆ ఫొటోలు ఎవరూ పెట్టలేదు. సూరిదే పెట్టారు, బాగా వచ్చిందని.

మా ఆయన ఫోనులో కామెంట్లు చదవడం మొదలుపెట్టి ఆపేశాడు. నేను లాక్కుని చదివాను. ఇదే పేజీలో రెండేళ్ళ కింద 'మా సూర్యుడు' అని రాసినవాళ్ళు ఇప్పుడు రాశారు: 'ఎంత ఎత్తు ఎదిగినా వంగడం నేర్చుకున్నాడు.' 'తీహా అక్కడ నేలమీద పడుకున్నాడు, వీడికి కొత్త బట్టలు.' 'ఈ ఇంటి సామాను ఎవరూ కొనకండి, అన్న ఫోను దుకాణం ఫలానా చోట ఉంది.' ఇంకొకరు, 'రెండు చేతులు సరిపోయాయా, ఇంకో రెండు కావాలా?' దానికింద నవ్వే బొమ్మలు వందలు.

సూరి ఇంటికొచ్చేసరికి సందులో వసారాల్లో కూర్చున్నవాళ్ళందరూ లోపలికి వెళ్ళిపోయారు. గుమ్మంలో నిలబడ్డాడు. మొదటిసారి, తల వంచడం మరిచిపోయి పై ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాడు.

"ఫొటో ఉంటాదని సెప్పలేదు వదినా. వరసలో నిలబడమన్నారు. నా ముందుకొచ్చి సేతిలో ఎట్టేరు."

"రెండు చేతులూ ఎందుకు చాపావు?"

"పెద్దోళ్ళు ఏదిచ్చినా అంతే గదా తీసుకుంటాం," అన్నాడు. నేనూ అంతే తీసుకుంటాను. ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళెవరైనా అంతే. పక్కింటావిడ ఉప్పు ఇచ్చినా కుడిచేతికి ఎడమచెయ్యి ఆన్చి అందుకుంటాం. తల మాత్రం... ఆ పెద్దమనిషి పొట్టిగా ఉన్నాడు. సూరి ఎవరితో మాట్లాడాలన్నా వంగాల్సిందే.

మర్నాడు పొద్దున మా అత్త తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది. గుమ్మం ముందు కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. కడిగి, తుడిచి, ఖాళీగా.

మన ఇళ్ళలో ఎదుటివాళ్ళ కంచం ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారో, రెండు పచ్చిమిరపకాయలో వేసి పంపుతారు. బర్మా ఇళ్ళవాళ్ళూ ఎన్నో ఏళ్ళుగా అది నేర్చుకుని, అరటిపండో, ఊరేసిన టీ ఆకు లాపెట్ చిటికెడో పెట్టి పంపేవారట. మా అత్త కంచాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది, కింద దానిలో ఏమైనా ఉందేమోనని.

"యర్రయ్యది కూడానా?" అంది. "ఆడికి తెలీదేటే? ఆళ్ళమ్మే నాకు నేర్పింది గదే, కంచం ఖాళీగా పంపకూడదని!"

యర్రయ్య మావ దుకాణం తీస్తూ కనిపించాడు. సూరి వెళ్ళాడు. వెనక నేనూ వెళ్ళాను.

"మావా, నాను సంతకం ఎట్టలేదు."

"ఎట్టలేదని ఫొటోలో రాసుందేట్రా?"

"సూడ్డానికే ఎల్లాను."

"సూడ్డానికి ఎల్లినోడివి కళ్ళతో సూడాల. సేతులెందుకు సాపేవు? నాను పెద్దది సేసి సేసి సూసేనురా. ఆ తల వొంచుడు సూసేను. ఒరే, నీ కోసం నాను లైన్‌కారు ఎనకాల ఏలాడుకుని ఒచ్చేవోణ్ణి. కింద పడి పన్ను కూడా ఊడింది." నోరు తెరిచి పన్ను లేని ఖాళీ చూపించాడు. "ఇది సూడు. ఇది ఎవుడి కోసం?"

"మావా..."

"పులోర బాగుంది. నిజంగా బాగుంది. అందుకే రేత్రంతా నిద్దర్లేదు. ఎల్లు." మిషను తిప్పడం మొదలుపెట్టాడు. సూది కింద గుడ్డ లేదు.

ఇంటికొచ్చి మా అత్త కంచాలు లెక్కచూసింది. ఒకటి తక్కువ. డో ఖిన్‌ది.

సూరి అప్పటిదాకా వంచిన తల ఎత్తాడు. "ఆవిడ తిప్పి పంపలేదా?"

ఆ ఒక్క కంచం మీద పెట్టుకున్నాడు అంతా. సాయంత్రం లోపల క్లబ్బుకి జవాబు చెప్పాలి. వీధంతా ఏమన్నా సరే, తీహా వాళ్ళమ్మ వెళ్ళమంటే వెళ్తాడు. వద్దంటే మానేస్తాడు. ఆవిడ ఏదో ఒకటి అంటే చాలు. తను వెళ్ళి అడగలేడు. "నువ్వెల్లు వదినా. నువ్వంటే ఇష్టం గదా ఆవిడకి."

డో ఖిన్ మధ్యాహ్నం ఇంట్లోనే ఉంది. ఆ రోజు మొహింగా పెట్టలేదు. బల్ల మీద ఇన్సేన్‌కి తీసుకెళ్ళిన పార్సిల్ కట్టు విప్పకుండా ఉంది. దాని పక్కన మా కంచం.

"కూర్చో," అంది బర్మాలో. "మీ అమ్మ బాగుంది. నిన్న నాకు టీ ఇచ్చింది."

"పార్సిల్ తీసుకోలేదా ఆంటీ?"

"అక్కడ లేడన్నారు. మార్చేశారట. ఏ ఊరని అడిగితే చెప్పలేదు. ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తర్వాత అది మూసేశారు." కంచం వైపు చూసింది. "వచ్చేసరికి బల్ల మీద ఇది ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. కూర్చోకుండానే తినేశాను. అడుగున వేరుశనగపప్పులు ఉంటే అవీ ఏరుకుని తిన్నాను. ఎవరు తెచ్చారో తెలుసు, ఎందుకు తెచ్చారో తెలీదు. తర్వాత పక్కింటి పిల్ల ఫోను చూపించింది."

నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.

"ఖాళీగా పంపడానికి నాకు మనసు రాదు. తిన్నాను కదా. ఏదైనా పెట్టి పంపితే, రేపు నా కొడుకు వచ్చి ఎందుకు పెట్టావమ్మా అని అడిగితే నేనేం చెప్పను? వస్తే." కంచాన్ని తన వైపు జరుపుకుంది. "ఇది ఇక్కడే ఉండనీ."

"సూరి సంతకం పెట్టలేదు ఆంటీ. మీరు ఏది చెబితే అది..."

"నేను వాడికేమీ చెప్పను. వాడి గురించి ఆలోచించడానికి నా దగ్గర చోటు లేదమ్మా. వెళ్ళు."

మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య పది అడుగులుండవు. ఆ కాస్త దూరంలో ఏమని చెప్పాలా అని ఎంతో వెతికాను. చివరికి ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను, ఏదీ మార్చకుండా.

సూరి మొత్తం విన్నాడు. కానీ అతనికి వినపడింది ఒక్కటే. "ఉంచుకుందా? తిరిగియ్యలేదు గదా!"

"ఇవ్వనంది సూరీ. నీకేమీ చెప్పనంది."

"తినింది. ఉంచుకుంది. అంటే నన్ను పూర్తిగా ఒగ్గెయ్యలేదు వదినా. ఇంక ఆ క్లబ్బుకి ఎల్లను." ముఖం వెలిగింది. నిన్న పొద్దున ట్రయల్స్‌కి వెళ్తూ నవ్విన నవ్వులో సగం తిరిగొచ్చింది. అది చూసి నేను కాదనలేకపోయాను. మా ఆయనే అడ్డం పడ్డాడు, "ఒరే, ఆలోసించు, ఇది పోతే ఇంకోటి రాదు" అని. అప్పటికే సూరి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నాను రానండి," అని చెప్పాడు. తర్వాత, "ఆ ఫొటో తీసేత్తారా?" అని అడిగాడు. అవతల నవ్విన నవ్వు నాకు కూడా వినిపించింది.

అభిమానుల పేజీలో రాశాడు, నేను ఒప్పుకోలేదు, నేను మీవాణ్ణే అని. బర్మా అక్షరాలు తప్పులు లేకుండా ఉన్నాయో లేదో నాకు చూపించి మరీ పెట్టాడు. ఎక్కువసేపు పట్టలేదు జవాబులకి. 'దొరికిపోయాక అందరూ ఇదే అంటారు.' 'వాళ్ళే వద్దనుంటారు.' సాయంత్రానికి ఆ పేజీ అతనికి తెరుచుకోవడం మానేసింది. అతన్ని అందులోంచి తీసేశారు. తొమ్మిదో నంబరు బొమ్మ ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదట, మా ఆయన తన ఫోనులో చూసి చెప్పాడు.

తర్వాతి ఆదివారం సూరి బంతి తీసుకుని మఠం వెనక ఉన్న సిమెంటు కోర్టుకి వెళ్ళాడు. మ్యాచి ఆడటానికి కాదు, ఊరికే వేసుకోవడానికి. అక్కడ అయిదారుగురు కుర్రాళ్ళు రింగుకి వేసుకుంటున్నారు. ఇతన్ని చూసి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఒక్కడు కూడా తిట్టలేదు. ఆ పై ఆదివారమూ అంతే. మూడో ఆదివారం బంతి మంచం కిందికి వెళ్ళింది. నేను ఊడ్చేటప్పుడు చీపురుకి తగిలి దొర్లేది. మళ్ళీ దాన్ని అక్కడికే తోసేదాన్ని. యర్రయ్య మావ దండెం మీద ఇప్పుడు తొమ్మిదులు లేవు. కుట్టు విప్పేశాడు. విప్పిన చోట గుడ్డ తెల్లగా ఉండి, ఆ అంకె దూరానికి ఇంకా బాగా కనిపిస్తుంది.

మా అత్త మాత్రం రోజూ సాయంత్రం ఒకటే అడిగేది, "ఆ కంచం ఒచ్చిందేటే?"

"రాలేదత్తా."

"రాపోతే మంచిదే," అనేవాడు సూరి.

డో ఖిన్ మళ్ళీ మొహింగా పెట్టడం మొదలుపెట్టింది. నేను అటు వెళ్ళలేదు. ఒక పొద్దున సూరే గిన్నె పట్టుకుని వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. గిన్నెలో మొహింగా ఉంది, వేడిగానే ఉంది. బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఏమంది?" అన్నాను.

"ఎంతమందికి అంది." ఎప్పుడూ అతన్ని 'తా' అని పిలిచేది ఆవిడ, కొడుకా అని. "నన్ను సూడకుండా పోసింది వదినా. కోపంగా కాదు. తెలీనోళ్ళకి పోసినట్టు." గిన్నె వైపు చూస్తూ అన్నాడు, "మన కంచం ఉంది. పులుసు కుండ మీద మూతగా ఎట్టుకుంది."

మా అత్త పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "అంచు మీద అచ్చరం?"

"కిందికుంది. ఆవిరికి కనపడదు."

ఆ మొహింగా ఎవరమూ తినలేదు. మధ్యాహ్నానికి పిల్లికి పెట్టాను. సూరి సైకిలు మీద పనికి వెళ్ళాడు, చీకటి పడబోతుంటే తడిసి వచ్చాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాళ్ళు మంచం దాటి బైటికి ఉన్నాయి.

కరెంటు లేదు. మా ఆయనా నేనూ గుమ్మంలో కూర్చున్నాం. ఆయన నా చేతి గాజులు ఒక్కొక్కటే జరుపుతూ ఆడుతున్నాడు. అది నాకు ఎప్పుడూ ఇష్టమే, ఆ రోజు కూడా ఇష్టంగానే ఉంది. అంతలో సందు చివర దీపాలు వెలిగాయి, ఆ వెలుగు మా వైపు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇంటింటా "మీ లా బీ!" అని అరిచారు. అలవాటు కొద్దీ నేనూ అరిచాను, ఎప్పటిలాగే అందరికంటే గట్టిగా.

అరుపులు తెగిపోయాయి. ఎదురు వరసలో ఎవరో కిటికీ తలుపు వేసుకున్నారు. తర్వాత ఇంకొకరు.

"లోపలికి రా విజ్జీ," అన్నాడు మా ఆయన.

లోపల ఫ్యాను సూరి మీదుగా తిరుగుతోంది. అతను కళ్ళు తెరిచే ఉన్నాడు.